పత్రికలకు ఫ్రీలాన్స్‌గా రాయాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పత్రికల ఫీచర్ పేజీలకూ, ఆదివారం అనుబంధాలకూ, మాసపత్రికలకూ బయటినుంచి రాస్తుంటాను. కొత్తగా రాయాలనుకునేవాళ్లు ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో అడిగేవి దాదాపుగా ఇవే ప్రశ్నలు. ప్రతివాళ్లకూ మొదటినుంచి చెప్పుకురావడం కన్నా ఒకచోట రాసిపెట్టడం నయం అనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగానే చదువుకోవచ్చు. ఇక్కడ కథలు, కవితల సంగతి తక్కువ. ఎక్కువగా ఫీచర్ వ్యాసాల గురించే, అంటే రోజువారీ వార్త కాకుండా ఒక విషయాన్నో మనిషినో తీసుకుని వివరంగా రాసేవాటి గురించి.

## మొదలుపెట్టే ముందు

ఉద్యోగం మానేసి దీని మీదే బతకొచ్చా?

తెలుగులో మాత్రమే, పత్రికలకు మాత్రమే రాసి ఇల్లు గడపడం చాలా కష్టం. డబ్బులిచ్చే పత్రికలు కొన్నే. వాటిలోనూ ఒక బయటి రచయితకు నెలకు ఒకటీ అరా వ్యాసానికి మించి చోటు దొరకదు. ఈ రంగంలో నిలబడ్డవాళ్లను గమనిస్తే పక్కన ఇంకో పని ఉంటుంది: అనువాదాలు, కంపెనీలకు కంటెంట్, డాక్యుమెంటరీ స్క్రిప్టులు, పుస్తకాల ప్రూఫులు, ఇంగ్లీషు పత్రికలకు రాయడం. పత్రికలో కనిపించిన పేరే ఆ పక్క పనుల్ని తెచ్చిపెడుతుంది. కాబట్టి నెల జీతం వస్తుండగానే మొదలుపెట్టండి. ఇంటద్దె టెన్షన్ నెత్తిన ఉన్నప్పుడు ఏది పడితే అది ఒప్పుకుంటాం, అది రాతలో తెలిసిపోతుంది.

జర్నలిజం కోర్సు చేయలేదు, అక్రిడిటేషన్ కార్డు లేదు. అయినా వేసుకుంటారా?

వేసుకుంటారు. ఫీచర్ డెస్క్‌లో (వచ్చిన రాతల్ని ఎంచి, దిద్ది, పేజీల్లో పెట్టే విభాగంలో) ఎవరూ మీ సర్టిఫికెట్లు అడగరు. అక్రిడిటేషన్ అనేది ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. వ్యాసం రాయడానికీ దానికీ సంబంధం లేదు. మీరు నర్సో, ఆర్టీసీ కండక్టరో, వ్యవసాయ విస్తరణాధికారో అయితే ఆ అనుభవం డిగ్రీ కన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే డెస్క్‌లో ఉన్నవాళ్లకు ఆ లోపలి సంగతులు తెలియవు. ప్రభుత్వ ఉద్యోగులైతే మాత్రం సర్వీసు నిబంధనలు ఒకసారి చూసుకోండి. కథ రాయడం వేరు, ప్రభుత్వ పథకం మీద విమర్శ రాయడం వేరు.

ఇంకో మాట. పత్రిక ఇంకా ఒప్పుకోకుండానే ఎవరి దగ్గరికైనా వెళ్లి "ఫలానా పత్రిక నుంచి వచ్చాను" అనకండి. "ఫ్రీలాన్స్‌గా రాస్తాను, ఆ పత్రికకు పంపాలనుకుంటున్నాను" అంటే సరిపోతుంది. జనం మాట్లాడతారు.

స్ట్రింగర్, కంట్రిబ్యూటర్, ఫ్రీలాన్సర్ అంతా ఒకటేనా?

కాదు. మండలంలోనో పట్టణంలోనో ఉండి ఒకే దినపత్రికకు రోజువారీ వార్తలు పంపేవాళ్లను స్ట్రింగర్ అనో కంట్రిబ్యూటర్ అనో అంటారు. వాళ్లు ఆ పత్రికకు కట్టుబడి ఉంటారు, చాలాచోట్ల యాడ్స్ తెచ్చే బాధ్యత కూడా వాళ్ల మీదే పడుతుంది. ఫ్రీలాన్సర్‌కు అలాంటి కట్టుబాటు లేదు, అలాగని భరోసా కూడా లేదు. ఏ వ్యాసానికి ఆ వ్యాసం లెక్క.

పత్రికలన్నీ మూతపడుతున్నాయి, ఇంకా ఎవరికని రాయాలి?

నిజమే, జాబితా చిన్నదైపోయింది. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు లేదు. నవ్య వీక్లీ 2020లో ఆగిపోయింది. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి, వాటితోపాటే తెలుగు వెలుగు కూడా. వీక్లీలలో స్వాతి లాంటివి ఒకటీ రెండే మిగిలాయి.

కానీ ఫీచర్ రాసేవాళ్లకు అసలు చోటు ఇప్పుడు దినపత్రికల్లోనే ఉంది. ఈనాడు ఆదివారం, సాక్షి ఫన్‌డే, ఆంధ్రజ్యోతి ఆదివారం, నమస్తే తెలంగాణ బతుకమ్మ లాంటి అనుబంధాలు ఒకవైపు. ఈనాడు వసుంధర, సాక్షి ఫ్యామిలీ, నమస్తే తెలంగాణ జిందగీ లాంటి రోజువారీ పేజీలు ఇంకోవైపు. వీటిలో చాలా భాగం లోపలి సిబ్బందే రాసుకుంటారు. మీరు పంపేది వాళ్లు ఆఫీసులో కూర్చుని రాయలేనిదై ఉండాలి. స్త్రీల సమస్యల మీదయితే భూమిక, సాహిత్యం మీదయితే పాలపిట్ట లాంటి మాసపత్రికలున్నాయి. 1998 నుంచి వస్తున్న ఈమాట, ఇంకా సారంగ, సంచిక, కౌముది లాంటి వెబ్ పత్రికలూ ఉన్నాయి. వెబ్ పత్రికల్లో చాలావాటిలో డబ్బు మాట ఉండదు. కానీ కొన్నిచోట్ల ఎడిటర్లు మీ రాతను పేరా పేరా చదివి ప్రశ్నలు వేస్తారు, అచ్చు పత్రికల్లో ఆ తీరిక ఎవరికీ లేదు.

అమెరికా, గల్ఫ్‌లలో ఉండి రాసేవాళ్లు సంఘాల సావనీర్లను మర్చిపోకండి. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు రెండేళ్లకోసారి జరుగుతాయి, సావనీరుకు రచనలు కావాలని చాలా ముందుగానే అడుగుతారు.

## ఐడియా, పత్రికను ఎంచుకోవడం

ఎలాంటి టాపిక్ అయితే కచ్చితంగా వేస్తారు?

కచ్చితంగా వేసే టాపిక్ అంటూ లేదు. కానీ కచ్చితంగా వెనక్కొచ్చేది ఉంది: "కొండపల్లి బొమ్మల గురించి రాస్తాను" లాంటిది. అది వ్యాసం కాదు, వస్తువు. కొండపల్లి బొమ్మల మీద ఇప్పటికే ప్రతి పత్రికలోనూ బోలెడు వచ్చాయి. తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతుకుతారు, దశావతారాలు, ఏనుగు అంబారీ... ఇంతవరకు ఎడిటర్‌కు కంఠతా వచ్చు.

ఆ పొణికి కర్ర ఇప్పుడు ఎక్కడినుంచి వస్తోంది, మోపు ఎంత పడుతోంది, అడవిలోంచి తేవడానికి ఎవరి అనుమతి కావాలి, దొరక్కపోతే ఏ కర్ర వాడుతున్నారు? ఇవి అడిగితే వ్యాసం అవుతుంది. ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనుషులు ఉండాలి, ఈ వారమే ఎందుకు చదవాలో ఒక కారణం ఉండాలి. ఈ మూడూ ఒక్క పేరాలో చెప్పలేకపోతున్నారంటే ఇంకా తిరగాల్సింది ఉందని.

ముందు ఐడియా పంపాలా, మొత్తం రాసేసి పంపాలా?

కథ అయితే మొత్తం రాసే పంపాలి. ఫీచర్ అయితే, డెస్క్‌కు మీరెవరో తెలియనప్పుడు మొదటి ఒకటి రెండు వ్యాసాలు పూర్తిగా రాసి పంపడమే మంచిది; "రాయగలను" అంటే నమ్మడానికి వాళ్ల దగ్గర ఆధారం లేదు. పరిచయం అయ్యాక ఐడియా మెయిల్ చాలు. మెయిల్ ఇలా ఉంటే బాగుంటుంది:

"నమస్కారం. సంక్రాంతికి ముందు ఆదివారానికి ఒక ఐడియా. కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికి కర్ర ఎక్కడినుంచి వస్తోంది, దొరకనప్పుడు పనివాళ్లు ఏం చేస్తున్నారు అన్నదాని మీద 900 పదాలు రాయాలనుకుంటున్నాను. ఇద్దరు కళాకారులు, ఒక అటవీ అధికారి మాట్లాడతామన్నారు. ఫోటోలు నేనే తీస్తాను. బొమ్మల కొలువులు పెట్టే రోజులు కాబట్టి అప్పుడైతే బాగుంటుంది. డిసెంబర్ 20కల్లా ఇవ్వగలను."

అంతే. బాల్యం నుంచి సాహిత్యం మీద మీకున్న మక్కువ గురించి అక్కర్లేదు. మెయిల్ సబ్జెక్ట్‌లో "ఆర్టికల్" అని మాత్రం పెట్టకండి. ఆ ఇన్‌బాక్స్‌లో అదే పేరుతో చాలా ఉంటాయి.

పండగ సంచికకు ఎంత ముందు పంపాలి?

మీరనుకున్నదానికన్నా ముందు. దినపత్రిక అనుబంధం ఆదివారం మీ చేతికొచ్చినా అది అంతకు ముందు వారంలోనే పేజీల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. ఐడియా చెప్పడానికి నెల ముందు, వ్యాసం ఇవ్వడానికి కనీసం రెండు వారాల ముందు అని లెక్క పెట్టుకోండి. మాసపత్రిక అయితే రెండు నెలలు. దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికలకు ఇంకా ముందే చోటు నిండిపోతుంది. పండగ వారంలో "పండగ గురించి రాశాను" అని పంపితే చదవను కూడా చదవరు.

ఒకే వ్యాసాన్ని రెండు పత్రికలకు పంపొచ్చా? ఎవరు ముందు వేస్తే వాళ్లు?

వద్దు. రెండూ ఒకే ఆదివారం వేస్తే రెండు డెస్క్‌లలోనూ మీ పేరు పోతుంది. తెలుగు పత్రికా లోకం చిన్నది, ఈరోజు ఇక్కడున్న సబ్ ఎడిటర్ రేపు అక్కడుంటాడు. అయితే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన పనీ లేదు. పంపేటప్పుడే "ఫలానా తేదీలోపు మీ నిర్ణయం తెలియకపోతే వేరే పత్రికకు పంపుకుంటాను" అని మర్యాదగా ఒక వాక్యం రాయండి. ఆ తేదీ దాటాక ఇంకో మెయిల్ పెట్టి, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, అప్పుడు వేరేచోటికి పంపండి.

హామీపత్రం ఎందుకు అడుగుతారు? అందులో ఏం రాయాలి?

ఎక్కువగా కథలకూ పోటీలకూ అడుగుతారు. "ఇది నా స్వంత రచన, దేనికీ అనువాదమూ అనుసరణా కాదు, ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాలేదు, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని రాసి, సంతకం, తేదీ, చిరునామా, ఫోన్ నంబరు వేస్తే సరిపోతుంది. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టినది ప్రచురితమైనట్టేనా అంటే, చాలా పత్రికలు అవుననే అంటాయి. పంపదలుచుకున్నదాన్ని ముందు గోడ మీద పెట్టకండి.

## సమాచారం, రాయడం

ఇంటర్వ్యూలో చెప్పినవాళ్లు తర్వాత "నేనలా అనలేదు" అంటే?

రికార్డ్ చేసుకోండి, చేస్తున్నానని చెప్పే చేసుకోండి. ఫోన్ బల్ల మీద కనిపించేలా పెడితే రెండు నిమిషాల్లో వాళ్లు దాన్ని మర్చిపోతారు. పక్కన నోట్‌బుక్ కూడా ఉండాలి. మగ్గం చప్పుడులోనో బస్టాండ్‌లోనో తీసిన రికార్డింగ్‌లో సగం వినపడదు.

లేచే ముందు మూడు సంగతులు అడిగి రాసుకోండి: పేరు వాళ్లు ఎలా రాసుకుంటారు, ఊరు, మండలం. అంకెలు చెప్పినప్పుడు కొలత కూడా అడగండి. గుంటూరు వైపు సెంట్లలో చెప్తారు, తెలంగాణలో గుంటల్లో చెప్తారు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ధాన్యం కొలిచే పుట్టి అంటే ఒక్కో జిల్లాలో ఒక్కో లెక్క. ఇలాంటివి కలగాపులగం చేస్తే ఆ ఊరి పాఠకుడు మొదటి పేరాలోనే మిమ్మల్ని పట్టేస్తాడు.

లైంగిక దాడి బాధితుల పేరు గానీ, వాళ్లెవరో పోల్చుకోగలిగే వివరం గానీ రాయకూడదు. అది చట్టం. ఊరి పేరు, బంధువు ఫోటోతో కూడా గుర్తుపట్టే వీలుంటే అవీ తీసేయాలి.

అచ్చుకు ముందు వ్యాసం చూపించమంటున్నారు. చూపించాలా?

మొత్తం చూపించకండి. చూపిస్తే అది వాళ్ల వ్యాసమైపోతుంది, ప్రతి విశేషణానికీ బేరం మొదలవుతుంది. వాళ్ల మాటలుగా మీరు రాసినవీ, సాంకేతిక వివరాలూ ఫోన్లో చదివి వినిపించండి. డాక్టర్లు, శాస్త్రవేత్తల విషయంలో ఇది తప్పకుండా చేయాలి. మందు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రమాదమే.

ప్రభుత్వ లెక్కలు కావాలి. ఆఫీసు చుట్టూ తిరిగినా ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

సమాచార హక్కు చట్టం, 2005. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకడుగుతున్నారో మీరు చెప్పక్కర్లేదు, అడిగినా చెప్పక్కర్లేదు.

దరఖాస్తు రాసే తీరులోనే అంతా ఉంది. "చెరువుల పూడికతీత ఎందుకు ఆగింది?" అని అడిగితే జవాబు రాదు, వాళ్ల దగ్గర రికార్డుగా ఉన్నదే వాళ్లివ్వాలి. "ఫలానా మండలంలో 2022 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు పూడికతీతకు మంజూరైన పనుల జాబితా, ఒక్కోదానికి ఖర్చయిన మొత్తం, ప్రస్తుత స్థితి" అని అడగండి. గడువులోపు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టుకోవాలి. ఇదంతా రెండు మూడు నెలల పని, వచ్చే ఆదివారం వ్యాసానికి పనికిరాదు. ఎప్పటికైనా పనికొస్తాయనుకున్న విషయాలకు ముందే దరఖాస్తులు పెట్టి ఉంచుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

ఎన్ని పదాలు రాయాలి?

మీరు పంపదలుచుకున్న పేజీలోని పాత వ్యాసం ఒకటి తీసుకుని పదాలు లెక్కపెట్టండి. దానికి మించి జవాబు లేదు. 900 అడిగితే 900 ఇవ్వండి. 1,600 ఇచ్చి "మీకు కావల్సినంత తగ్గించుకోండి" అంటే, తగ్గించేది మీ వ్యాసం గురించి ఏమీ తెలియని మనిషి, అదీ రాత్రి తొమ్మిదింటికి పేజీ వదలాల్సిన తొందరలో. కత్తెర మీ చేతిలోనే ఉంచుకోండి. అసలు కథనంలో ఇమడని వివరాలను 100 పదాల బాక్స్ ఐటమ్‌గా విడిగా ఇస్తే పేజీ పెట్టేవాళ్లకు సంతోషం.

యూనికోడ్‌లో పంపాలా, అనులోనా? అక్షరాలు ఎందుకు చెడిపోతున్నాయి?

యూనికోడ్‌లో టైప్ చేసి వర్డ్ ఫైల్, దాంతోపాటు పీడీఎఫ్ పంపండి. పేజీలు పెట్టేచోట ఇంకా అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) వాడే పత్రికలు చాలా ఉన్నాయి. అక్కడ మీ ఫైల్‌ని కన్వర్టర్‌లో వేస్తారు. అప్పుడు కొన్ని ఒత్తులు తారుమారవుతాయి. ముఖ్యంగా ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తి తగిలినచోట: "ఆఫీస్‌లో" అని మీరు టైప్ చేసినప్పుడు స్‌కీ లోకీ మధ్య కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కన్వర్షన్‌లో అది ఎగిరిపోతే లకారం ఒత్తుగా మారి "ఆఫీస్లో" అని అచ్చవుతుంది. "ఆఫీసులో" అని రాసేస్తే ఈ గొడవే ఉండదు, పైగా తెలుగులా ఉంటుంది. పీడీఎఫ్ ఎందుకంటే, అనుమానం వస్తే ప్రూఫ్ రీడర్ దాంతో పోల్చి చూసుకుంటారు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపడం, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపడం మానేయండి.

ఫోటోలు గూగుల్‌లో తీసుకోవచ్చా?

వద్దు. ఫోటో తీసినవాళ్లకు హక్కులుంటాయి. "గూగుల్ సౌజన్యం" అని కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. మీ ఫోన్‌తో మీరే తీయండి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి చేతులు పనిచేస్తుండగా దగ్గరగా, ఒకటి మనిషి ముఖం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి అచ్చులో మసకబారుతుంది. డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింకుగానో పంపండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో క్యాప్షన్‌లో రాయండి.

చాట్‌జీపీటీతో రాయించి దిద్దుకుంటే తప్పా?

తప్పొప్పుల సంగతి మీ ఎడిటర్‌ని అడిగి తెలుసుకోండి, ఒక్కో పత్రికది ఒక్కో పద్ధతి. నా వరకు, అది ఇచ్చే తెలుగు నున్నగా ఉండి ఏ ఊరిదీ కాకుండా ఉంటుంది, లేని పేర్లూ సంవత్సరాలూ ధీమాగా చెప్తుంది. మిమ్మల్ని వ్యాసం అడిగేదే మీరు వెళ్లి చూసొస్తారని.

## పంపిన తర్వాత

మెయిల్ పెట్టి చాలా రోజులైంది, జవాబు లేదు. ఫోన్ చేయొచ్చా?

రెండు వారాలు ఆగి ఒక మెయిల్, ఇంకో రెండు వారాల తర్వాత ఒక ఫోన్. ఫోన్ మధ్యాహ్నం పూట చేయండి. సాయంత్రం అయ్యేసరికి పేజీల హడావుడిలో ఉంటారు, మీ పేరు విసుగుతో కలిసి గుర్తుండిపోతుంది. "నా వ్యాసం ఏమైంది?" అనే బదులు "ఫలానా తేదీన పంపిన పొణికి కర్ర వ్యాసం, మీకు పనికొస్తుందా, వేరేచోటికి పంపుకోనా?" అంటే అవునో కాదో వెంటనే చెప్తారు.

తిరస్కరించారు, కారణం చెప్పలేదు. రాత బాగోలేదనేనా?

అవ్వచ్చు, కాకపోవచ్చు. అదే విషయం లోపలివాళ్లు రాస్తుండొచ్చు, నిరుడే వేసి ఉండొచ్చు, యాడ్ వచ్చి పేజీ పోయి ఉండొచ్చు. కారణం కోసం వెంటపడకండి. అదే డెస్క్‌కు ఇంకో ఐడియా పంపండి.

నా వ్యాసాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చేశారు. హెడ్డింగ్ కూడా వాళ్లదే!

హెడ్డింగ్, ఇంట్రో ఎప్పుడూ డెస్క్‌వే, దానికి బాధపడకండి. భాష విషయంలోనూ పత్రికకో పద్ధతి ఉంటుంది: ఒకచోట "కలెక్టర్", ఇంకోచోట "పాలనాధికారి". పంపేముందే ఆ పత్రిక వాడుకను చూసుకుని రాస్తే మీ వాక్యాలు ఎక్కువ మిగులుతాయి. అచ్చయినదాన్నీ మీరు పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నేర్చుకోవడానికి ఇంతకు మించిన క్లాసు లేదు. మొదటి పేరా ఎగరగొట్టి రెండోదాంతో మొదలుపెట్టారంటే చాలాసార్లు వాళ్లదే కరెక్ట్.

అర్థం మారిపోయినా, ఎవరో అనని మాట వాళ్లు అన్నట్టు వచ్చినా అది వేరే సంగతి. అదేరోజు మెయిల్‌లో, ఏ వాక్యం ఎలా మారిందో చూపించి, సవరణ వేయమని అడగండి. ఆ మనిషికి మీరే ముందు ఫోన్ చేసి చెప్పండి, రేపు మళ్లీ ఆ ఊరు వెళ్లాల్సింది మీరే.

## డబ్బు

ఎంతిస్తారు? ముందే అడిగితే బాగోదేమో?

కొన్నిచోట్ల వందల్లో, కొన్నిచోట్ల వేలల్లో, చాలాచోట్ల పత్రిక కాపీ ఒకటి. అడగండి. వ్యాసం ఒప్పుకున్నామని చెప్పిన మెయిల్‌కు జవాబుగా, "పారితోషికం ఎంత, ప్రచురణయ్యాక ఎన్నాళ్లకు వస్తుంది, నా పాన్, బ్యాంక్ వివరాలు ఎవరికి పంపాలి?" అని రాయండి. అకౌంట్స్‌వాళ్లకు ఇది రోజూ ఉండే పనే, బాగోకపోవడం మన మనసులోనే. ఊరు వెళ్లాల్సి ఉంటే బస్సు చార్జీలు ఇస్తారా అన్నదీ బయల్దేరే ముందే తేల్చుకోవాలి.

వ్యాసం వచ్చి నెలలైంది, డబ్బు రాలేదు. ఎలా వసూలు చేసుకోవాలి?

ముందు ఎడిటర్‌ని కాదు, అకౌంట్స్‌ని అడగండి. చాలాసార్లు మీ వివరాలు డెస్క్ నుంచి అక్కడికి చేరకపోవడమే కారణం. ప్రచురణ తేదీ, పేజీ నంబరు, వ్యాసం పేరు, ఒప్పుకున్న మొత్తం, బ్యాంక్ వివరాలతో ఒక బిల్లు తయారుచేసి మెయిల్ చేయండి. అచ్చయిన పేజీ ఫోటో జతచేయండి. నెలకోసారి అదే మెయిల్ కిందే గుర్తుచేయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. చరిత్ర అంతా ఒకేచోట ఉండాలి.

ఇది పెద్ద పనిగా పెట్టుకున్నవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోవడం మంచిది, ఉచితమే. సేవలందించే సూక్ష్మ సంస్థగా నమోదైతే, ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీ సేవ తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఎనిమిది వందల కోసం ఎవరూ అంతదూరం వెళ్లరు, కానీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే కదలిక వస్తుంది. సివిల్ దావా వేయాలంటే మామూలుగా మూడేళ్ల గడువు. డబ్బు ఎగ్గొట్టిన పత్రికకు బాకీ తీరేదాకా ఇంకో వ్యాసం ఇవ్వకండి. "ఇదీ కలిపి ఒకేసారి ఇస్తాం" అంటారు, వినకండి.

పారితోషికంలో టీడీఎస్ కోశారు. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు. టీడీఎస్ అంటే చెల్లించేవాళ్లే ముందుగా కోసి మీ పేరున కట్టే ఆదాయపు పన్ను. ఒక సంస్థ మీకు ఏడాదిలో ఇచ్చే వృత్తి ఫీజు 50,000 రూపాయలు దాటితే 10 శాతం కోస్తారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000. మీరు పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది, ఆధార్‌తో లింక్ కాక మూలనపడిన పాన్ ఇచ్చినా అంతే. కోసింది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. బస్సు టికెట్లు, ఫోన్ బిల్లులు, కొన్న పుస్తకాల రసీదులు ఒక కవర్లో పడేస్తూ ఉండండి. జీఎస్టీ గురించి అయితే, సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే అప్పుడు ఆలోచించండి. దాటితే నాకూ చెప్పండి.

## హక్కులు, తగాదాలు

పత్రికలో వచ్చాక వ్యాసం వాళ్లదా, నాదా? పుస్తకంగా వేసుకోవచ్చా?

మీరు ఆ పత్రికలో జీతానికి పనిచేయకుండా, హక్కులు రాసివ్వకుండా ఉంటే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీదే. రిజిస్టర్ చేయించక్కర్లేదు, రాసినప్పుడే హక్కు వచ్చేస్తుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు బదిలీ కావాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కేస్తుంది.

కాబట్టి చిక్కంతా ఆ కాగితం దగ్గరే. పోటీ నిబంధనల్లో కింద చిన్న అక్షరాల్లో "బహుమతి పొందిన రచనలపై సర్వహక్కులు సంస్థవే" అని ఉంటుంది. అందులో సినిమా, అనువాదం, ఆడియో అన్నీ పోతాయి. "మొదటి ప్రచురణ హక్కు, మీ వెబ్‌సైట్‌లో ఉంచుకునే హక్కు ఇస్తున్నాను" అని మీరే మెయిల్‌లో రాస్తే మంచిది. చాలామంది ఎడిటర్లు సరే అంటారు. పుస్తకంగా వేసేటప్పుడు మొదట ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో ఒక లైను వేయడం మర్యాద.

ఒకసారి సేకరించిన సమాచారంతో ఇంకో వ్యాసం రాస్తే మోసమా?

వాక్యాలు అవే ఉంటే మోసం. సమాచారం మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. పైగా ఈ పనిలో నాలుగు రాళ్లు మిగిలేది ఇక్కడే. ఆత్రేయపురం పూతరేకుల కోసం ఒకరోజు వెళ్లారనుకోండి. బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ పరిచి రేకు తీసే మహిళల కూలి గురించి ఒక పత్రికకు, 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపుతో అమ్మకాల్లో ఏం మారిందో బిజినెస్ పేజీకి, రేకు తీసే పద్ధతి పిల్లల పేజీకి, గోదావరి గట్టు వెంట ఆ ప్రయాణం ఇంకోచోటికి. నాలుగింటికీ అడగాల్సిన ప్రశ్నలు వేరు, కాబట్టి బయల్దేరే ముందే నాలుగు జాబితాలు రాసుకోవాలి. తిరిగొచ్చాక గుర్తొచ్చిన ప్రశ్న ఫోన్లో అడిగితే సగమే వస్తుంది.

నా వ్యాసాన్ని ఎవరో యూట్యూబ్‌లో చదివేసి వీడియో పెట్టారు. ఏం చేయాలి?

ముందు స్క్రీన్‌షాట్లు, లింకు, తేదీ దాచుకోండి. ఆ చానెల్‌వాళ్లకు మర్యాదగా మెసేజ్ పెట్టండి. కొంతమంది పేరు వేసి క్షమాపణ చెప్తారు, కొంతమంది బ్లాక్ చేస్తారు. తీయకపోతే యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. అచ్చయిన పేజీ, మీరు పంపిన మెయిల్ తేదీ రుజువుగా సరిపోతాయి. మీ సమాచారాన్ని తీసుకుని సొంత మాటల్లో చెప్తే మాత్రం చట్టం ఏమీ చేయలేదు, ఎంత కడుపు మండినా.

లీగల్ నోటీసు వచ్చింది. పత్రిక చూసుకుంటుందా?

చూసుకుంటుందనుకుని కూర్చోకండి. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, రాసినవాళ్లూ వేసినవాళ్లూ ఇద్దరూ అందులో ఉంటారు. నోటీసు అందిన రోజే ఎడిటర్‌కు పంపండి. మీరుగా ఫోన్ చేసి సంజాయిషీలు ఇవ్వకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. జవాబు లాయర్ ద్వారానే వెళ్లాలి.

అప్పుడు మిమ్మల్ని కాపాడేవి రికార్డింగులు, నోట్‌బుక్, ఆరోపణ ఎదుర్కొన్న మనిషిని మీరు వివరణ అడిగినట్టు చూపించే మెయిలో మెసేజో. వాళ్లు జవాబివ్వకపోయినా అడిగిన సంగతి వ్యాసంలో ఉండాలి. వివాదం రావొచ్చనిపించిన వ్యాసాల సామగ్రిని అచ్చయ్యాక కూడా కనీసం మూడేళ్లు దాచండి. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్‌లోని రికార్డింగులు కాపీ చేసుకున్నారో లేదో చూసుకుని అప్పుడు అమ్మండి.